శక్తి, ఏడోది

కాశీబుగ్గ బస్టాండు ఎదర
ఆరడుగుల కొట్టు నాది.
నాలుగు ఛార్జర్లు, ఫోన్లకేసే గాజు పలకలు,
రొప్పుతూ తెరుచుకునే పాత కంప్యూటరు.
మెమరీ కార్డు నిండా పాటలకి ఇరవై రూపాయలు,
బేరమాడితే పదిహేను.

వచ్చి "శక్తి పాటెయ్యి" అంటారు.
ఏ శక్తి అనడిగితే
ఊరికి కొత్తగా వచ్చినవాణ్ణి చూసినట్టు చూస్తారు.

నా దగ్గర ఆరున్నాయి.
అమ్మవారిదొకటి: మొదటి నిమిషమంతా ఒట్టి డప్పే,
జాతర్లకి మైకుసెట్టువాళ్లు పట్టుకుపోతారు.
ఒకటి హీరోది. జిమ్ము కుర్రాళ్లు అద్దంలో
కండ కనబడేదాకా ఆపరు.
రెండు పార్టీలవి. గొంతొకటే, ట్యూనొకటే,
జెండా రంగు దగ్గర మాత్రం మాట మారుతుంది.
ఎన్నికలప్పుడు రైలుగేటు పడి
రెండు ఆటోలూ పక్కపక్కన నిలబడితే
ఎవరిదేదో డ్రైవర్లకే తెలిసేది కాదు.
పొదుపు సంఘాల మీటింగుకని ఆఫీసరు రాయించినది ఐదోది.
అందులో శక్తి పదకొండుసార్లొస్తుంది,
ఒక్కసారీ ఊపిరి పీల్చుకోదు.
ఆరోది, డీజేవాడు ఈ ఐదింటినీ కలిపి రుబ్బినది.

దమయంతి జీడిబట్టీ నుంచి నేరుగా వచ్చింది.
జీడిసొన తాగి నల్లబడ్డ వేళ్లు,
గీతలన్నీ అరిగిపోయాయి.
రేషను డిపోలో మిషను ఆమెని ఆమె కాదంటుంది.
ఫోను తెర మూడుసార్లు పొడిస్తే ఒకసారి పలుకుతుంది.

"సత్తి పాట, బావూ."
అమ్మవారిది ఎక్కించాను.
మర్నాడు మళ్లీ వచ్చింది. ఇది కాదంట.
హీరోది కాదు. పార్టీలవి అసలే కాదు.
వారం తిరిగేసరికి ఆరూ అయిపోయాయి.
డబ్బులు ఒక్కసారే తీసుకున్నాను,
ఆ మాట చెప్పుకోవాలి.

పోనీ పాడి వినిపించు, అన్నాను.
"నాను పాడ్డమేటి!"
కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

అప్పుడు కరెంటు పోయింది.
పక్కకొట్లో జిరాక్సు మిషను
ఎవరి పాసుబుక్కో సగం మింగి ఆగింది.
చెరుకురసం బండివాడు ఎవర్నో తిట్టాడు.
చీకట్లో, నా బల్లకి అవతల,
గొంతొకటి సన్నగా మొదలైంది.

సత్తి సాల్దే ఓలమ్మా
సత్తి సాల్దు
ఇంకో కేజీ అంటన్నాడు
సత్తి సాల్దు

మందస వైపు మనిషి, ఊర్వశి,
గింజలు కొడతా కట్టిన పాటంట.
ఇప్పుడు చెన్నైలో ఇటుకలు మోస్తోందంట.

లైను లైనుకీ మధ్య ఆగుతోంది.
మర్చిపోయావా, అన్నాను.
"కాదు. అక్కడ దెబ్బుంటాది."
మెటికతో బల్ల మీద కొట్టి చూపించింది.
గాజు పలకలు ఘల్లుమన్నాయి.

ఫోన్లో రికార్డు నొక్కి మళ్లీ పాడించాను.
బరంపురం బస్సు హారనుతో సహా పడింది.

కరెంటొచ్చింది. కంప్యూటర్లోకి ఎక్కించి
పేరు కొట్టాను: శక్తి.
ఈ పేరుతో పాట ఇదివరకే ఉంది,
దాన్ని తీసేసి దీన్ని పెట్టమంటారా, అనడిగింది తెర.
ఏం చెయ్యమంటావని ఆమెనే అడిగాను.

ఎలుగులో కళ్లు చిట్లించి
ఆ వరసంతా పైనుంచి కిందికి చూసింది,
చదువు రాకపోయినా.
"తియ్యడమెందుకు బావూ,
ఆటి పక్కనే పడుంటాది."

ఇరవై తీసి బల్ల మీద పెట్టింది.
బేరమాడలేదు.