హిల్కా అడిగినదానికి

మెట్ల మీద ఎదురుపడి అడిగావు కదా హిల్కా,
"ఆ ఉద్యోగ మేళాకి వెళ్తే ఏమన్నా ఒరిగిందా?" అని.
చేతిలో పాల డబ్బాలు, లిఫ్టేమో చెడిపోయి ఉంది,
నాలుగో అంతస్తుకి ఊపిరి మిగల్లేదు.
అప్పుడు చెప్పలేకపోయాను. ఇప్పుడు విను.

ఐస్ హాకీ ఆడే హాల్లో పెట్టారు.
మంచు మీద చెక్కలు పరిచి, చెక్కల మీద తివాచీ పరిచి,
తివాచీ మీద మమ్మల్ని పరిచారు.
గంటకల్లా చలి బూట్ల అడుగుల్లోంచి మోకాళ్ళ దాకా పాకింది.
వరసలో అందరం కాళ్ళు మార్చి మార్చి నిలబడ్డాం
పితకనివ్వనని మొరాయించే ఆవుల్లాగా.

ముప్పయ్యొక్క బల్లలు. లెక్కపెట్టాను, ఇంకేం పని.
ప్రతి బల్ల మీదా గిన్నెడు చాక్లెట్లు, బల్ల వెనక ఒక నవ్వు.
"మీ వివరాలు మా వెబ్‌సైట్లో నింపండి, చూస్తాం."
వెబ్‌సైటు మా వంటింట్లోకి కూడా వస్తుంది కదమ్మా,
దానికోసం రెండు బస్సులు మారి రావాలా?
అనలేదు. చాక్లెట్ తీసుకున్నాను.

వృద్ధాశ్రమం వాళ్ళు నా నడుం గురించి అడిగారు.
గనుల వాళ్ళు నా వయసు అడగలేదు,
అడక్కుండానే కాగితంలో చూసి
నా వెనకున్న కుర్రాడి వైపు కళ్ళు తిప్పారు.
కాల్ సెంటర్ పిల్ల అంది కదా,
"ఐదేళ్ళ తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటారు?"
"అద్దంలో" అన్నాను.
నవ్వలేదు. రాసుకుంది.

తాయిస్తో కనబడ్డాడు, మూడో నంబర్ మెషిన్ తాయిస్తో.
ఇరవై ఏడేళ్ళు ఆ హోరులో సైగలతో మాట్లాడుకున్నవాళ్ళం,
హోరు లేని చోట మాట దొరకలేదు.
దూరంనుంచి రెండు వేళ్ళు గాల్లో కత్తెరలా ఆడించాడు.
కాగితం తెగిందని మా భాషలో.
నేను గుప్పిట బిగించి చూపించాను: మెషిన్ ఆపెయ్.
ఆ పూట తడబడకుండా మాట్లాడింది ఆ ఒక్కసారే.

బ్రోచర్లు పోగయ్యాయి. చదవలేదు, తడిమాను.
ల్యాబులో కళ్ళు మూసుకుని బరువు చెప్పేదాన్ని, అలవాటు పోతుందా?
ఇది ఎనభై గ్రాములు. ఇది చవక, రెండు మడతలకే విరుగుతుంది.
ఇది పైన మెరుపు, లోపల గుల్ల.
పంతొమ్మిదో బల్ల దగ్గర వేళ్ళు ఆగిపోయాయి.
జల్లించిన పిండిలో వేలు పెట్టినట్టు ఆ మెత్తని గరుకు.
మాది.
మా మిల్లుది. ఆఖరి చలికాలం చుట్టల్లోది.
బాగుందని సంతకం పెట్టి పంపింది బహుశా నేనే.
దాని మీద లావుపాటి అక్షరాల్లో
"మీ భవిష్యత్తు ఇక్కడ మొదలవుతుంది."

ఇది ఎవరు అచ్చేశారు బాబూ, అన్నాను.
ఉద్యోగం కాక మరొకటి అడిగిన మనిషి పొద్దుట్నించీ తగల్లేదేమో,
కంగారుపడి వెనక్కి తిప్పి
చీమ తలకాయంత అక్షరాలు చూపించాడు.
పార్కింగ్‌లో నిలబడి ఫోన్ చేశాను.
"ఖాళీల్లేవు" అంది ఒక ముసలి గొంతు, నేను నోరు తెరవకముందే.
"అందుకు కాదు. ఆ కాగితం మీ దగ్గర ఇంకా ఎంత ఉంది?"
చాలాసేపు అచ్చుయంత్రం చప్పుడు తప్ప ఏం లేదు.
"ఏ కాగితమో మీకెలా తెలిసింది?"
"వేలితో."
"గురువారం రండి. కాఫీ ఉంటుంది. అంతకుమించి మాటివ్వను."

ఇదీ సంగతి, హిల్కా.
రెండు బస్సుల ఛార్జీ పోయింది, పాదాలింకా వేడెక్కలేదు.
ఏడు పెన్నులొచ్చాయి, రాసేవి మూడు.
ఒకటి నీ తలుపు సందులోంచి లోపలికి తోశాను, చూసుకో.
వెళ్ళాలా వద్దా అని మీ తమ్ముడికేం చెప్పాలో నాకు తెలీదు.
మందపాటి మేజోళ్ళు మాత్రం వేసుకోమను.
గురువారం సంగతి శుక్రవారం అడుగు.
ఆ లిఫ్టు అప్పటిదాకా బాగవకపోతేనే నయం,
మెట్ల మీదైతే కాసేపు ఆగుతాం.