మూడు పేర్లు రాయమన్నారు

పర్లాకిమిడి కోర్టు గేటు పక్కన
నా బల్లకి మూడు భాషల బోర్డు.
ఒరియా పైన, తెలుగు కింద,
ఇంగ్లీషు ఎండకి వెలిసిపోయింది.
భూమి తగాదాలు, వారసత్వాలు, పింఛన్లు,
ఒకసారి మేక తప్పిపోయిందని ఫిర్యాదు కూడా రాశాను.
కంపెనీ ఎప్పుడూ రాయలేదు.
అదీ సముద్రం అవతల.

బమ్మిడి దమయంతి వచ్చి కూచుంది,
కొంగులో ఫోను, ఫోనులో ఫారం.
"బెనిన్ అట బాబూ.
గోనెసంచుల మీద సదివీదాన్ని ఆ పేరు."

ఇరవై రెండేళ్ళు రోజూ ఏరు దాటి
పాతపట్నం మీదుగా కాశీబుగ్గ జీడిబట్టీలకి వెళ్ళింది.
రాష్ట్రం దాటడానికి ఆమెకి బస్సు పాసు చాలు.
పిక్క అక్కడ కాస్తుంది, ఓడెక్కి వస్తుంది,
ఇక్కడ ఒలిపించుకుని మళ్ళీ ఓడెక్కుతుంది.
"దానికి రెండు టికెట్లెందుకు?
ఒలిచీదాన్ని, నానే ఎల్తే ఒకటే గదా!"
లెక్క నేనూ వేసి చూశాను.
తప్పు దొరకలేదు.

అక్కడి భాగస్వామి పేరు కోసి.
"కోసి ఏటి సేస్తాడు, ఒలవాల గదా"
అని తనే నవ్వింది.
ఆదివారం పుడితే పెట్టే పేరట వాళ్ళలో.
"మా బట్టీలో సోంబారు లేడా, సుక్రు లేడా.
మనోళ్ళే."
మిషన్లు అతనివి, షెడ్డు అతని మేనత్తది,
దమయంతి వాటా నూటికి పన్నెండు.
పెట్టుబడి అన్న గడిలో ఏం రాయమంటావు?
"సెయ్యి అని రాయి."
రాయలేదు. సాంకేతిక నైపుణ్యం అని రాశాను.
నాకే చప్పగా అనిపించింది.

కంపెనీకి మూడు పేర్లు కావాలట, ఇష్టం వరసలో.
మొదటిది మహేంద్రతనయ.
ఏరు గడిలో పట్టలేదు.
రెండోది వాళ్ళమ్మ పేరు, నీలవేణి.
మూడోది ఎంతకీ చెప్పదు.
టీ వచ్చింది, చల్లారింది, మీద తొరక కట్టింది.
"గుండు" అంది చివరికి.
విరగని పప్పు.
బద్ద కంటే, ముక్క కంటే ఎక్కువ పలికే పప్పు.
నా బట్టతల ఒకసారి తడుముకుని రాశాను.

తర్వాత వేలిముద్ర.
సేవా కేంద్రం కుర్రాడు గాజు తుడిచాడు,
ఆమె వేలు తుడిచాడు, మళ్ళీ గాజు తుడిచాడు.
ఎర్ర దీపం.
పది వేళ్ళూ అయ్యాయి. ఎర్ర దీపమే.
నేను పాత సిరామెత్త బయటికి తీశాను.
కాగితం మీద నీలం మచ్చ పడింది.
గీత లేదు, సుడి లేదు,
ఏట్లో దొర్లి దొర్లి అరిగిన రాయి.
"జీడి తినీసింది" అంది,
వడ్డీ ఎంతయిందో చెప్పినట్టు.
ఆముదం రాసుకుంటారు, బూడిద పూసుకుంటారు,
పిక్కలోని నూనె ఊరుకోదు.

ఆ మచ్చ పక్కనే రాశాను:
ఈమెకు వేలిగీతలు లేవు.
ఏ పని కోసం ఈ కాగితమో
ఆ పనే వాటిని చెరిపింది.
నోటరీ సాహు బాబు ముద్ర ఎత్తి ఆగాడు,
ఇలా రాయొచ్చా అని.
రాయకూడదని ఎక్కడుంది అన్నాను.
కొట్టాడు.

ఏడో వారం కాగితం వచ్చింది, ఫ్రెంచిలో.
చివరి అక్షరాలు పలకని భాషట.
నాకు మొదటివీ రావు.
ముద్ర తెలిసింది. గుండు తెలిసింది.
దాని కింద ఒక పేరు:
బొమిడి దొమొయొంతి.
రేషన్ కార్డు రాసిన ఒరియా గుమాస్తా నోట
గుండ్రబడ్డ పేరు.
ఆధార్‌కి పాకి, పాస్‌పోర్టుకి పాకి,
ఆమె కంటే ముందే సముద్రం దాటేసింది.
దిద్దిద్దామా అన్నాను.
అర్జీ పెట్టొచ్చు, రుసుము కట్టాలి, ఇంకో ఏడు వారాలు.

చాలాసేపు చూసింది.
ఆ గీతల్లేని వేలు పేరు మీద పెట్టి
అటు నుంచి ఇటు జరిపింది.
"ఈ పేరుతో నానెప్పుడూ బతకనేదు.
ఉండనీ బాబూ.
ఇదెలగ బతుకుద్దో సూస్తాను."

కొంగు ముడి విప్పి ఫీజు ఇచ్చింది,
ఇరవై తక్కువ.
అడుగుదామనుకునేలోగా
కాశీబుగ్గ బస్సు హారన్ కొట్టింది.