బొటనవేలి కింద

బోనస్ పడిన గురువారం రాత్రి.
టొరంటోలో ఫిబ్రవరి. పైన వీధి ఉందో లేదో తెలీదు,
మేం నేల కిందనుంచే వచ్చాం,
ఒక బ్యాంకు అడుగునుంచి ఇంకో బ్యాంకు అడుగుకి
సొరంగాల్లో, కోటు గుండీలు పెట్టుకోకుండానే.
పందికొక్కుల్లా, అన్నాను. ఎవరూ నవ్వలేదు.

మూలబల్ల దగ్గర అయిదుగురం.
లోర్న్ గ్లాసు అడుగుతో బల్ల మీద కొట్టి
"ఫోన్లు బోర్లించండి" అన్నాడు.
"మూడు అనగానే తిప్పాలి.
జీతం కాదు, బోనస్ కాదు, అవి అందరికీ తెలిసినవే.
సొంత ఖాతా. మీకోసం మీరు దాచుకున్నది."

పొద్దస్తమానం పరాయి కోట్లు తూచేవాళ్ళం.
టీచర్ల పింఛన్లు, నర్సుల పింఛన్లు,
ఊపిరితిత్తుల్లో పొగ మిగిలిపోయిన ఫైర్‌మెన్ల ముసలితనాలు
మా వేళ్ళ కింద ఈ గడిలోంచి ఆ గడిలోకి జరుగుతుంటాయి,
మాకు చెయ్యి వణకదు.
ఇప్పుడు వణికింది.
గోడకి ఆనుకుని ఎత్తు కొలుచుకునే పిల్లలు
మడమలు ఎలా లేపుతారో తెలుసుగా,
ఎవరికీ అనుమానం రానంత కొంచెంగా.

మూడు.

లోర్న్‌ది రెండు లక్షల పద్నాలుగు వేల డాలర్లు.
మస్కోకాలో వాళ్ళ తాతకి సరస్సు ఒడ్డున ఇల్లుండేదని,
అది అమ్మేశారని మాకు తెలుసు.
అతను మర్చిపోయినట్టుంది.
క్వాబెనాది తొంభై ఒక్క వేలు.
"ఇరవై ఆరేళ్ళకి పర్లేదు కదా" అని గాలిని అడిగాడు,
ఆ వెంటనే లోర్న్ తెర చూశాడు.
వేణ్ణీళ్ళలో ఉతికిన ఉన్ని స్వెట్టర్‌లా
తొంభై ఒక్క వేలు అతని చేతిలోనే ముడుచుకుపోయాయి.

నాది లక్షా నలభై మూడు వేలు.

అబద్ధం.
అది ఉత్తుత్తి ఖాతా. కొత్తవాళ్ళకి చెయ్యి తిరగాలని
ఆడుకోవడానికి ఇచ్చే డబ్బు.
అసలుది గంజాయి కంపెనీల వాటాల్లో పెట్టాను,
ఎలా పోవాలో అలాగే పోయింది, పొగలా.
ఉత్తుత్తి ఖాతాలో మాత్రం నేను మహా తెలివైనవాణ్ణి.
తేడా ఒక్కటే: తెర నెత్తిన సన్నటి నారింజరంగు పట్టీ,
అందులో "సాధన" అని రాసుంటుంది.
దాని మీద నా బొటనవేలు.

ఎవెలీనాది లక్షా అరవై రెండు వేలు.
అబ్బో అన్నాక, అప్పుడు ఆమె చెయ్యి చూశాను.
ఫోన్‌ని ఎవరూ అలా పట్టుకోరు,
పైనుంచి, చచ్చిన ఎలుకని తోక పట్టి ఎత్తినట్టు.
బొటనవేలు సరిగ్గా అక్కడే.
గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అననేలేదు,
ఇద్దరం భుజాలు తడుముకున్నాం.
ఇన్ని పరీక్షలు రాసి, పేరు పక్కన ఇన్ని అక్షరాలు తగిలించుకుని
చివరికి ఇద్దరం నిశానీలమే,
కాకిలెక్క మీద వేలిముద్ర వేసి కూర్చున్నాం.
ఆమె నాకేసి చూసింది.
నేను గ్లాసులో నిమ్మచెక్క కేసి చూశాను.

మారిసెల్ ఫోన్ తిప్పి బల్ల మధ్యకి తోసేసింది.
దాని మీద చెయ్యి లేదు.
నాలుగు వందల ఎనభై ఆరు డాలర్లు, ఇరవై సెంట్లు.
ఎవరో దగ్గారు.
గీత నవంబరు దాకా మెట్లు మెట్లుగా ఎక్కి
అక్కడ నిట్టనిలువునా పడిపోయింది.

"ఇక్కడేమైంది?" అన్నాడు లోర్న్,
నవంబర్లో మార్కెట్ ఎప్పుడు కూలిందా అని
నుదురు ముడిచి వెతుక్కుంటూ.
"పళ్ళు" అంది.
"ఎడమవైపు నాలుగు. బీమా ఒక్క పంటికే వచ్చింది.
ఆరేళ్ళు కుడివైపే నమిలాను."
బుగ్గ వేలితో లాగి చూపించింది కూడా.
బల్లంతా వంగి చూశాం.

తర్వాత మాటలు ఇళ్ళ అద్దెల మీదికి మళ్ళాయి.
క్వాబెనా ఫోన్ జేబులో పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు.
నా వేలు ఎందుకో అక్కడే ఉండిపోయింది,
తెర ఎప్పుడో ఆరిపోయింది.
ఆ గోలలో ఒక్క చప్పుడు మాత్రం విడిగా వినబడింది:
గ్లాసులో మిగిలిన ఐసుముక్కలు
ఒక్కొక్కటే ఎడమ దవడకి చేర్చి
మారిసెల్ పటపటా నములుతోంది.