పళ్ళున్న పట్టా

కాచిగూడ బుకింగ్ కౌంటర్ల
ముప్పై ఒక్క ఏండ్లు టికెట్లు అమ్మిన చెయ్యి ఇది.
మొదట్ల అట్టముక్క టికెట్లుండేటివి,
తారీఖు మిషన్ల పెట్టి టక్కున గుద్దేదాన్ని.
తర్వాత కంప్యూటరొచ్చింది, చప్పుడు పోయింది.
మహబూబ్‌నగర్, గద్వాల, కర్నూల్ టౌన్,
ఊర్లన్నీ నా వేళ్ళకు తెలుసు,
కాళ్ళకు తెల్వదు.

రిటైరైనంక వచ్చిన పైసల్ల
ఒక తునక నా కోసం విరిచి పెట్టుకున్న.
హిమాయత్‌నగర్ ట్రావెల్సాయన రంగుల పుస్తకం తెరిచి
"పదకొండు రాత్రులు, ఏడు దేశాలు,
రోజూ పప్పన్నం గ్యారంటీ మేడం" అన్నడు.
పార్సిల్ ఆఫీసు నఫీసా ఆపా "నేనూ వస్త" అన్నది.

బస్సుల నలభై రెండు మందిమి.
లోపల తినొద్దని డ్రైవరు వేలు చూపిండు.
మిర్యాలగూడ డాక్టరుగారు
సకినం నోట్ల పెట్టుకొని నానబెడుతున్నడు,
నమిలితే చప్పుడైతదని.

ఆ కొండూరు పేరు ఇప్పటికీ నా నోరు తిరగదు.
కిటికీ కిటికీకి ఎర్రపూల కుండీలు,
ఆవు మెడ గంటలు అమ్మే దుకాణం,
ఒకటికి పోవాలంటె నాణెం అడిగే తలుపు.
మేనేజర్ పిలగాడు గొడుగు పైకెత్తి అరిచిండు:
"రెండు గంటల నలభై నిమిషాలే. లేటైతే బస్సు ఆగదు."
ఈ మాట నేను ఎంతమందికి చెప్పిన్నో,
జాలీ ఇవతల కూసోని.

ఎర్రటి బండి. రెండే డబ్బాలు.
అందరు ఫోన్లు మంచు దిక్కు తిప్పిన్రు.
నేను వంగి కిందికి చూసిన.
రెండు పట్టాల నడుమ ఇంకో పట్టా,
రంపం లెక్క దానికి పళ్ళు.
బండి కడుపుల చక్రం ఒకటుంటదంట,
ఒక్కో పన్నును కరుచుకుంట ఎక్కుతదంట.
జారదు. ఉరకదు.

ఎక్కింది. టక్. టక్. టక్.
నా తారీఖు మిషను.
ఆపా మోచేతితో పొడిచింది,
"ఎందుకే ఏడుస్తున్నవ్?"
చలి, అన్న.

పైన ఏం లేదు.
శిఖరం ఇటు అని బాణం గుర్తు గీసిన బోర్డు,
బాణం చూపిన దిక్కు తెల్లగ, ఉతికిన దుప్పటి లెక్క.
"పైసలు వాపస్ అడుగుదాం" అన్నడు డాక్టరు.
ఆపా థర్మాస్ మూత తిప్పింది,
"చాయ్ తాగు, మబ్బు పోకుంటె దాని ఇష్టం."

దిగేటప్పుడు టికెట్లు చూసే ముసలాయన వచ్చిండు,
మీసాల మీద నీటిచుక్కలు.
నా టికెట్‌కు బెజ్జం కొట్టిండు.
నేనూ గిట్లనే అని చేత్తో చూపిన,
ముప్పై ఒకటి అని వేళ్ళతో చూపిన.
ఏం అర్థమైందో,
కత్తెర తీసి నా చేతిల పెట్టిండు.
ఆపా టికెట్‌కు నేనే కొట్టిన.
ఏడు దేశాల్ల నేను చేసిన పని అదొక్కటే.

ఇప్పుడు మే నెల. మెట్టుగూడల నల్లా రాలే.
ట్యాంకర్ కాడ బిందె పట్టుకున్న ఎల్లేశ్వరి అడుగుతది
"మంచుకొండ ఎట్లుండె అక్కా?"
కనబడలే అంటె నమ్మదు.
"అన్ని లక్షలు పెట్టినంక?"

నిన్న పొద్దు పొడవకముందే ఆపా నేను
మౌలాలి గుట్ట ఎక్కినం.
బండ రాత్రంత చల్లారలే, చెప్పులల్లకెల్లి కాలుతున్నది.
నా మోకాలు ప్రతి మెట్టుకు టక్కుమన్నది.
పైన కూసున్నంక కింద పట్టాలు,
గూడ్సు బండి ఒకటి ఎటూ పోకుంట
సిగ్నల్ కోసం చూస్తున్నది.

ఆపా కండ్లద్దాల డబ్బాలకెల్లి
ఆ టికెట్ తీసింది, ఇంకా దాచుకున్నదే.
బెజ్జానికి కన్ను ఆనించి చూసింది.
"ఏం కనబడతలే" అని నాకిచ్చింది.
నాకూ కనబడలే.

దిగేటప్పుడు మెట్లెన్నో లెక్కపెడదామనుకున్నం,
మధ్యల ఆమె మనుమని స్కూలు ఫీజు ముచ్చట వచ్చి
లెక్క తప్పింది.