గత రెండు వారాల్లో

మొఖోత్లోంగ్ కొండ మీద ఉన్ని కత్తిరించే షెడ్డు.
బల్లకు అటు మాఖోత్సో, ఇటు నేను.
నా చేతిలో ట్యాబ్లెట్,
ఆమె చేతులకు మోచేతుల దాకా గొర్రె జిడ్డు.

"గత రెండు వారాల్లో మీ బతుకు ఎలా ఉందంటారు?
అస్సలు బాలేదు, బాలేదు, ఏదోలా ఉంది, బాగుంది, చాలా బాగుంది."
అయిదు గళ్ళు. ఒకదాని మీద వేలు పెడితే చాలు.

"నువ్వు నాలుగోవాడివి బాబూ" అంది.

"మొదటాయన వచ్చేనాటికి నాకు ఇరవై తొమ్మిది.
ముప్పై ఆరు కిలోలని రాసుకున్నాడు.
నన్నేమీ అడగలేదు.
నాకు వినబడదనుకుని
మా వదినతో గుమ్మంలో మాట్లాడాడు.

తర్వాత ఒకావిడ. ఆమెకు నెత్తురు కావాలి.
'కణాలు పెరిగాయమ్మా' అని చప్పట్లు కొట్టింది.
అప్పుడే నా కొడుకుని బళ్ళో వెనక బెంచీలో
ఒంటరిగా కూచోబెట్టారు.
ఆమె కాగితంలో దానికి గడి లేదు.

మూడో అబ్బాయి సీసా బోర్లించి మాత్రలు లెక్కపెట్టాడు,
కోడి గింజలు ఏరినట్టు.
ఒక్కటీ తేడా రాలేదు.
వైరస్ కనబడ్డం లేదన్నాడు,
కనబడనిది ఇంకొకరికి అంటదన్నాడు.
ఆ మాట పట్టుకుని ఇంటికి పరిగెత్తాను.
చెప్పడానికి ఇంట్లో ఎవరున్నారు?
మా ఆయన వెల్కోమ్ గనుల్లోనే
ఇంకో పొయ్యి పెట్టుకున్నాడు.

ఇప్పుడు నువ్వు.
నిద్ర పడుతోందా, మోకాళ్ళు నొప్పా,
నీతో కలిసి తినేవాళ్ళున్నారా...
అడగండి, అడగండి.
ఇరవై ఏళ్ళు పట్టిందిలే దారి, మీ ఆఫీసు నుంచి ఇక్కడికి."

మసేరులో మా మేడమ్ గోడ మీద ఒక గ్రాఫ్ ఉంది.
చావు లెక్కల గీత కిందికి జారుతుంటే
ఒంటరితనం, సిగ్గు, ముసలితనం అనే మాటల గీత
మెల్లగా పైకి పాకుతుంటుంది.
దాన్ని మేము ధోరణి అంటాం.
మాఖోత్సో దాన్ని ఏమంటుందో
అడిగే ప్రశ్న నా దగ్గర లేదు.

"నాణ్యం సంగతి నాకు చెప్పకు, నేను తినేదే దాని మీద"
అంటూ రాశిలోంచి ఒక పాయ లాగింది.
రెండు కొసలూ పట్టుకుని నా చెవి దగ్గర
చిటికెతో మీటింది. టింగుమంది.
ఇంకో పాయ. పుటుక్కున తెగింది.

"చూశావా, ఇదీ తెల్లనే, ఇదీ మెత్తనే.
కానీ పోయిన ఏడు మంచులో ఈ గొర్రెకి
నెలరోజులు గడ్డి దొరకలేదు.
వెంట్రుక మర్చిపోదు.
సరిగ్గా ఆ నెల దగ్గరే తెగుతుంది.
నీ రెండు వారాలంటే ఇంత" అని
గోటి అంచు చూపింది.
"నాకూ ఉంది అలాంటి చోటు.
ఎవరూ గుంజి చూడనంత సేపు
నేను మొదటి రకమే."

బాగుంది మీద వేలు పెట్టింది.
జిడ్డు వేలికి తెర పలకలేదు.
దుప్పటికి తుడుచుకుని మళ్ళీ నొక్కింది.
అప్పుడూ పలకలేదు.
మూడోసారి మెటికతో పొడిచింది.

ఇరవై ఒకటో ప్రశ్నకి నా గొంతు తగ్గింది,
అది భార్యాభర్తల సంగతి.
ఆమె తల తిప్పి చూసింది.
తక్కెడ దగ్గర సెకోలా బేళ్ళు తూస్తున్నాడు,
చెవి వెనక పెన్సిల్, నెరిసిన గడ్డం.
తూకం తప్పు చదివి, తిట్టుకుని, మళ్ళీ చదివాడు.

"గత రెండు వారాలూ ఎందుకు,
పోయిన శనివారం అని రాయి."

"అలా రాయడానికి లేదమ్మా, ఒకటి నుంచి అయిదు లోపు..."

"శనివారం అని రాయి."

ఇతర వివరాలు అనే గడి ఒకటుంది చివర.
నాలుగు వందల ఫారాల్లో ఎవరూ వాడలేదు.
అందులో కొట్టాను: శనివారం.

సిగ్నల్ లేదు, పంపడం కుదరలేదంది తెర.
కొండ దిగుతున్నంత సేపూ జేబులో
అది ప్రయత్నిస్తూనే ఉంది.