గుర్రం దిగని మాట

లిడిస్‌డేల్ లోయలో నవంబరు తుంపర.
నిఘంటువు కోసం మాటలేరుకునే యూఫీమియా లెయిడ్లా
అట్టపెట్టె నిండా చీటీలతో
గొర్రెలు తొక్కిన బురదలో నడిచొచ్చి
ఇస్బెల్ క్రోజర్ పొయ్యి ముందు
తడి మేజోళ్ళు ఆరేసుకుంది.

ఆ పూట చీటీ మీద మాట: ఇన్‌రోడ్.
అర్థం: శత్రువు చొరబాటు.
పుట్టుక అన్నచోట ఇంకా ఖాళీ.

"రోడ్డు మొదట దారి కాదమ్మా, స్వారీ.
గుర్రమెక్కి పోవడం.
ఆ తర్వాత, పక్కవాడి మీదికి పోవడం.
దక్షిణాన రోడ్డన్నారు, మీ వైపు రెయిడ్ అన్నారు,
ఒక్క కడుపున పుట్టినవే.
నేల మీద ఒళ్ళు పరుచుకుని కదలకుండా పడుండడం
ఆ మాటకి చాలా ఆలస్యంగా అబ్బిన బుద్ధి."

ముసలామె కెటిల్ దించింది.
"దీనికి పుస్తకాలెందుకు?
ఈ గోడ చూడు, నా రెండు చేతులూ చాచినంత మందం.
తలుపు మేడమీద పెట్టారు, నిచ్చెన లోపలికి లాక్కోడానికి.
కింది గదిని ఎన్నిసార్లు కడిగినా ఆవుల వాసనే.
పశువులు కండపట్టే రోజుల్లో, వెన్నెల ఉంటే చాలు,
ఆ కొండ సందులోంచి వచ్చేవాళ్ళు.
మేమూ వెళ్ళేవాళ్ళంలే.
అదే సందు."

కాసేపు చితుకుల చప్పుడు.

"మా అవ్వకి అవ్వ అటువైపు పిల్ల.
మావాళ్ళు తోలుకొచ్చిన మంద వెనకాలే
రాత్రంతా నడిచొచ్చిందట, ఒక్కతే,
నా ఆవు నాకిమ్మని.
ఇవ్వలేదు.
తెల్లారింది, ఆవు అరుస్తోంది పొదుగు బరువుకి.
ఎవరో ఒకరు పిండాలి కదా.
పిండింది.
అలా ఉండిపోయింది."

కిటికీ అవతల
డెక్కలకింద గడ్డి చచ్చి చచ్చి చారపడ్డ చోట
తపాలా బండి మెల్లగా దిగుతోంది.
నిరుడు మంత్రసాని వచ్చిందీ, ఇస్బెల్ మొగుడు వెళ్ళిపోయిందీ
ఆ చార మీదుగానే.

నా భాషలో దారికీ దాడికీ ఒక్క అక్షరం తేడా.
చుట్టరికమేం లేదు, తెలుసు,
బజార్లో ఎవరో మన పోలికతో కనబడ్డట్టు, అంతే.
అయినా ఇది రాస్తూ రెండుసార్లు తడబడ్డాను.
ఏది కొట్టేసి ఏది ఉంచానో చెప్పను.

యూఫీమియా పెన్సిల్ నాలుకకి తాకించి
ఖాళీలో రాసింది: "స్వారీ."
చీటీ తిప్పి, అచ్చుకి పోని వైపు,
చిన్న అక్షరాలతో:
"ఆ ఆవు పేరేమిటో అడగాలి."