పద్నాలుగు సెకన్లు

నా పేరు సముద్రాలు.
మిర్యాలగూడ బైపాసు మీద మిల్లు ధర్మకాంట నాది.
సముద్రం ఈడికి రెండొందల కిలోమీటర్లు,
తిరుపతి బండిల సగం రాత్రి నిద్ర.

లారీ ఎక్కుతది, అంకె ఎర్రగ వెలుగుతది.
లారీ దిగుతది, అంకె సున్నా అయితది.
రెండు లారీల నడిమిట్ల
నేను ఫోన్ల సముద్రం జూస్త.
ఉబ్బు నాలుగడుగులు, ఆగ్నేయం నుంచి.
అలకూ అలకూ ఎడం పద్నాలుగు సెకన్లు.

పద్నాలుగంటే మాటలు గాదు.
ఆరేడు సెకన్లదంటే దగ్గర్ల పుట్టిన అల,
కొట్లాటకొచ్చినట్టొస్తది.
పద్నాలుగుదంటే యాడనో నడిసముద్రంల పుట్టి
తన బరువు తనే మోసుకుంట
నిమ్మళంగ నడిసొస్తున్నదని లెక్క.

గాలి ఏడుంబావు దాక వాయవ్యం.
నేల మీంచి పోయే గాలి అల మొహాన్ని నిలవెడతది.
పొద్దెక్కితే మల్లుతది, అంతా చెదిరిపోతది.
ఆటు అయిదింటికి విరుగుతది, ఆరింటికి పోటు అందుకుంటది.
మొత్తం కూడి తీసేస్తే
శనివారం పొద్దున డెబ్బై ఐదు నిమిషాలు.
నెలకు నాకు మిగిలే ఆస్తి అది.

సూర్యలంకల ఏసుపాదం ఇంటి చూరు కింద నా పలకున్నది.
"పలక మీద నిలవడి ఏం సదువుతవ్‌రా" అంటడు
హమాలీ లచ్చిరాం.
ఇంకా ఓనమాల కాడనే ఉన్న అన్నా, అంట.

గాలి సదువుడు మాత్రం చిన్నమ్మ నేర్పింది,
నిడమనూరు కల్లంల.
పీట ఎక్కి, చాట నెత్తి మీదికెత్తి తూర్పార పట్టేది.
గాలి రాకుంటే తిట్టేది గాదు, పిలిచేది గాదు,
చేతులు దించేది గాదు.
చెవెనక వెంట్రుక కదిలినప్పుడు చాట వంచేది.
పలక మీద మొదటిసారి లేచి నిలవడ్డనాడు
నా మోకాళ్లకు యాదికొచ్చింది ఆ పీటనే.

గురువారం టికెట్ తీసిన.
సేటుకు పన్ను నొప్పని చెప్పిన.
శుక్రవారానికి ఉబ్బు ఆరడుగులైంది.

అప్పుడు, ఊకెనే, మ్యాపును ఏళ్లతోని చిన్నగ జేసిన.
అల పుట్టిన జాగ ఎర్రగున్నది.
ఎరుపుకు తోక ఉన్నది.
తోక కృష్ణ దాటి, మట్టపల్లి దాటి
నేను కూసున్న కుర్చీ మీద పడ్డది.
శనివారం. అదే ఆరింటికి.

కిటికీ అవతల సగం రోడ్డు వడ్లే.
తేమ పదిహేడున్నదని మిల్లు వాపసు పంపిన వడ్లు.
కాళ్లతోని సాళ్లు తీసుకుంట ఈదమ్మ అడిగింది:
"ఎప్పుడూ ఫోన్లనే ఉంటవ్ గద కొడకా, వానున్నదా?"

వారం సంది నేను చూస్తున్నది అదే,
వేరే పేరుతోని.

టికెట్ వాపసియ్యలే.
నా బెర్తు ఒక్కటే పోయింది బాపట్లకు.

రాత్రంత తాటిపత్రులు గుంజినం,
చాలనికాడ ఫ్లెక్సీలు, బియ్యం సంచులు.
ఆరింటికి గాలి చెప్పిన గడియకే వచ్చింది.
ఈదమ్మ కుప్ప మీద పత్రి ఉబ్బి
ఆ కొస నుంచి ఈ కొసకు ఒక ముడుత నడిసొచ్చింది.
అంచు మీద నేను. ఎడమకాలు ముందు, మోకాళ్లు వంచి.
ఆరు సెకన్లకొకటి.
పొట్టివి. కొట్లాటవి.

జేబుల ఫోన్ మోగింది.
"వేటకెళ్లొద్దన్నారు, ఒడ్డునే కూర్చున్నా.
ఏం అలలురా సముద్రాలూ, గాజు పోసినట్టున్నాయి!
ఎక్కడున్నావు?"
చెప్పలే.
ఫోన్ చెవికి అదిమి పెట్టి ఆ హోరు విన్న.
ఒకటి విరిగింది.
లెక్కవెట్టిన. పదకొండు, పన్నెండు, పదమూడు.
ఇంకొకటి విరిగింది.

తెరిపిచ్చినంక పత్రి తీసి చూసినం.
వడ్లు పొడిగనే ఉన్నయి, ఒక్క మూలకు తప్ప.
ఈదమ్మ ఏమనలే, తడి గింజలు పక్కకు నూకింది.
ఆ మూల నాది.
ఫోన్ ఎత్తనీకె చెయ్యి వదిలిన మూల.